దద్దుర్లను రుద్దితే తగ్గవు

సంపాదకులు గారికి,

ఆర్యా,

ఒంటిమీద దద్దుర్లు లేవగానే గొంగడితో గట్టిగా రుద్దే అలవాటు మా అనంతపురం పల్లెల్లో ఇంకా కనిపిస్తోంది. రాపిడికి చర్మంలోని కణాల నుంచి హిస్టమిన్ అనే దురద పుట్టించే రసాయనం మరింతగా విడుదలై దురద, వాపు పెరిగే అవకాశమే ఎక్కువ కాబట్టి, పిల్లల విషయంలోనైనా దీన్ని మానాలని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

దురదతో ఉబ్బెత్తుగా లేచి, ఒకచోట మాయమై మరోచోట కనిపించడం, ఒక్కో దద్దు సాధారణంగా 24 గంటల్లోపే మచ్చ మిగల్చకుండా అణగిపోవడం వీటి గుర్తులు. ఇది అంటువ్యాధి కాదు. వైరస్ జ్వరాలు, నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు, పురుగు కాటు, కొందరికి గుడ్డు, రొయ్యలు, మన జిల్లా పంటైన వేరుశనగ, వేసవిలో వేడి, చెమట కూడా కారణం కావచ్చు. చాలాసార్లు కారణమే తెలియదు. చల్లటి తడిగుడ్డ వేసి, వదులైన నూలు బట్టలు కట్టుకుని, వైద్యుల సలహాతో సెట్రిజిన్ వంటి అలర్జీ మాత్ర వాడితే ఎక్కువమందికి ఉపశమనం కలుగుతుంది. అడిగిందే తడవుగా స్టెరాయిడ్ మాత్రలు అందించే ధోరణి మాత్రం నాకు ఆందోళన కలిగిస్తోంది.

ఆరు వారాలు దాటినా తగ్గకపోతే చర్మవైద్యులను కలవాలి. దద్దుర్లతో పాటు నాలుక వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఆ స్థితిలో ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షనే తప్ప మాత్రలు కావు. ఈ ఒక్క విషయాన్నైనా ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చెప్పేలా జిల్లా వైద్యాధికారులు చర్యలు తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, అనంతపురం