ఆరు జతలు గీసి డస్టర్ అందుకో

శ్రీకాకుళం

ఒరే అప్పలనాయుడూ,

నీ ఉత్తరం అందింది. నర్సింగ్ గుంటలకి గుండె దగ్గర పెద్ద ధమనులు ఎలా పుడతాయో చెప్పాలి, పుస్తకంలో బొమ్మ చూస్తే సాయంత్రం పూట మన ఏడు రోడ్ల జంక్షన్‌లో ఇరుక్కున్నట్టుంది అన్నావు. తప్పు నీది కాదురా, బొమ్మది. ఆరు జతల ధమనీ చాపాలు, అంటే పిండంలో గుండె దగ్గర విల్లులా వంగే రక్తనాళాలు, ఒక్కసారే ఉన్నట్టు వేస్తారు. ఏ పిండంలోనూ అలా ఏ రోజూ ఉండవు. ఆరోది తయారయ్యేసరికి మొదటి రెండూ దాదాపు మాయమై ఉంటాయి.

ముందు వారాల లెక్క చెప్పు. మనం నాలుగో వారం అంటే ఫలదీకరణ నుంచి. స్కాన్ కాగితంలో ఆఖరి నెలసరి నుంచి లెక్క, అక్కడదే ఆరో వారం. నాలుగో వారం చివర పిండం మినపగింజంత, నాలుగైదు మిల్లీమీటర్లు. ఎనిమిదో వారం చివరికి పలాస జీడిపప్పు కంటే కాస్త పెద్దది. ఈ గొడవంతా ఆ మధ్యలోనే తేలిపోతుంది.

ఇప్పుడు బోర్డు మీద గియ్యి. మధ్యలో ఒక సంచి, గుండె నుంచి రక్తం వచ్చేది అందులోకే. అటూ ఇటూ రెండు పొడుగు గొట్టాలు, డోర్సల్ అయోర్టాలు, అంటే వీపు వైపు పెద్ద ధమనులు. సంచి నుంచి వాటికి నిచ్చెన మెట్లలా చాపాలు. ఐదోది గియ్యనే గియ్యకు, మనిషిలో అది రాదు, వచ్చినా నిలవదు. గొట్టాలు రెండూ కింద కలిసి ఒకటవుతాయి. కలిసే చోటుకి కాస్త పైన, రెండు పక్కలా చేతికెళ్ళే కొమ్మ ఉంటుంది, ఏడో ఇంటర్‌సెగ్మెంటల్ ధమని. అది మర్చిపోయావా, మిగతాదేదీ అతకదు.

ఇక డస్టర్ అందుకో. ఒకటి, రెండు చెరిపెయ్, చిన్న ముక్కలే మిగుల్తాయి. మూడుకీ నాలుగుకీ మధ్య డోర్సల్ అయోర్టా రెండు పక్కలా చెరుపు. దాంతో మూడో చాపం రక్తం తలకే పోతుంది, అదే కామన్ కరోటిడ్, ఇంటర్నల్ కరోటిడ్ మొదలు. కుడి డోర్సల్ అయోర్టాని ఏడో కొమ్మ కింద నుంచి కలిసే చోటు దాకా చెరుపు. కుడి నాలుగోదానికి ఇక కుడి చెయ్యే దిక్కు, అది కుడి సబ్‌క్లావియన్ మొదలవుతుంది. ఎడమ నాలుగోది అయోర్టా ఆర్చ్‌లో ఒక ముక్క. ఆరోదాని లోపలి సగం ఊపిరితిత్తులకి, కుడి బయటి సగం చెరిపెయ్, ఎడమది ఉంచు. అది డక్టస్ ఆర్టీరియోసస్, ఊపిరితిత్తుల ధమనిని అయోర్టాకి కలిపే దారి.

ఎడమే ఎందుకు మిగిలిందని ఎవరో ఒకరు అడుగుతారు. వంశధార కాలవలు చూశావు కదా, నీరు పారనిది పూడుకుపోతుంది. గుండె నుంచి బయటికొచ్చే గొట్టం మెలి తిరగడంతో ఎడమ ఆరోదానికే రక్తం ఎక్కువగా పారుతుందని 2007లో జపాన్ పరిశోధకులు ఎలుక పిండాల్లో చూపించారు.

నేనైతే దీనికి సాక్ష్యంగా గొంతు నరాన్ని చూపిస్తాను. స్వరపేటికకి పోయే నరం ఆరో చాపం కింద నుంచి తిరిగి పైకి పోతుంది. కుడి పక్క చాపం చెరిగిపోయింది గనక నరం జారి సబ్‌క్లావియన్‌ని పట్టుకుంది. ఎడమది డక్టస్ కింద చిక్కుకుని ఛాతీలోనే ఉండిపోయింది. అందుకే ఛాతీలో అయోర్టా ఉబ్బినా మనిషి గొంతు బొంగురుపోవచ్చు.

డస్టర్ తప్పితే జబ్బు. కుడి కింది ముక్క చెరపకపోతే అయోర్టా రెండు పాయలై గాలిగొట్టాన్నీ అన్నవాహికనీ ఉంగరంలా బిగిస్తుంది, బిడ్డ ఊపిరి కూత పెడుతుంది. అది ఉంచేసి కుడి నాలుగోది చెరిపేస్తే కుడి సబ్‌క్లావియన్ ఎడమ నుంచి బయల్దేరి, ఎక్కువగా అన్నవాహిక వెనక నుంచి వస్తుంది. నూటికి ఒకరికి అటూ ఇటూగా ఉంటుంది, చాలామందికి ఏ బాధా ఉండదు. మింగుడు పడని వాళ్ళ జబ్బుకి 1794లో డేవిడ్ బేఫర్డ్ ‘లుసోరియా’ అని పేరు పెట్టాడు, ప్రకృతి ఆట అని అర్థం. వీళ్ళలో కుడి గొంతు నరానికి పట్టుకునేది లేక నేరుగా స్వరపేటికకి పోతుంది. థైరాయిడ్ కోసే సర్జన్ ఎరగకపోతే అది తెగొచ్చు.

సంచికి ముందున్న ట్రంకస్ సంగతి వేరే. ఒకే గొట్టం, లోపల గోడ లేచి రెండవుతుంది. ఆ గోడ తిన్నగా లేవదు, ఉద్దానం కొబ్బరి తాడు పురిలా అర చుట్టు తిరుగుతుంది. రెండు పేటల తాడు తీసుకెళ్ళి పురి విప్పి చూపించు. పురి పడకపోతే తారుమారై అయోర్టా కుడి గది నుంచి, ఊపిరితిత్తులకెళ్ళే పుపుస ధమని ఎడమ గది నుంచి వస్తాయి, పుట్టిన బిడ్డ నీలంగా ఉంటుంది. గోడ ఒక పక్కకి జరిగితే ఫాలట్ జబ్బు, అదీ పుట్టుకతో వచ్చే గుండె లోపమే. అసలు లేవకపోతే ఒకే గొట్టం మిగుల్తుంది.

డక్టస్ మీద మాత్రం ఎక్కువసేపు ఉండు, వార్డులో వాళ్ళకి పనికొచ్చేది అదే. కడుపులో ఊపిరితిత్తులు పని చెయ్యవు గనక రక్తం ఈ దారిన అయోర్టాకి మళ్ళుతుంది. పుట్టాక ఆక్సిజన్ పెరిగి, మాయ నుంచి వచ్చే, ఈ దారిని తెరిచి ఉంచే ప్రోస్టాగ్లాండిన్ తగ్గి, గోడ కండరం బిగుస్తుంది. నెలలు నిండిన బిడ్డలో రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది, తర్వాత వారాల్లో తాడులా గట్టిపడుతుంది. నెలలు నిండని బిడ్డలో తెరిచే ఉండిపోతే ఇబుప్రోఫెన్, ఇండోమెథాసిన్ లేదా పారాసెటమాల్‌తో మూయించి చూస్తారు. పురి పడని గుండెలో తిరకాసు ఏటంటే, డక్టస్ మూసుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. అప్పుడు తెరిచి ఉంచడానికే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ పెడతారు. ఆ మందుకి ఊపిరి ఆగే గుణం ఉంది. డ్రిప్ ఎక్కుతున్నంతసేపూ శ్వాస మీదే కన్నుండాలని, చేత్తో నొక్కి ఊపిరి అందించే అంబూ బ్యాగ్ మంచం పక్కనే పెట్టుకోవాలని బోర్డు మీద పెద్దక్షరాలతో రాయి.

పాఠం అయ్యాక గుంటలు ఏం అడిగారో రాయి.

నీ,
సత్యం