డీఎన్‌ఏ ప్రతికృతికి జిరాక్స్ పోలిక సరికాదు

సంపాదకులకు నమస్కారం.

కణవిభజనకు ముందు డీఎన్‌ఏ తనకు తానే జిరాక్స్ కాపీ తీసుకుంటుందని రాయడం పత్రికల్లో పరిపాటి అయింది. అసలు పత్రం చెక్కుచెదరకుండా ఉండగా పక్కనే కొత్తది వెలువడుతుందనే అభిప్రాయం దీనివల్ల పాఠకుల్లో, ముఖ్యంగా విద్యార్థుల్లో, నాటుకుపోతోంది. వాస్తవంగా జరిగేది వేరు.

డీఎన్‌ఏలోని రెండు పోగులు కుడివైపు మెలికతో పెనవేసుకుని ఉంటాయి (బొమ్మల్లో దీన్ని ఎడమవైపు తిప్పి వేయడం తరచూ కనిపిస్తుంది, అదీ సరిదిద్దుకోవలసిందే). పోగుల్లో వరుసగా ఉండే నాలుగు రకాల రసాయన భాగాల్లో అడినిన్‌కు ఎదురుగా థైమిన్, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్ ఇముడుతాయి కాబట్టి ఒక పోగు వరుస తెలిస్తే రెండోదాని వరుస తెలిసినట్లే. ప్రతికృతి సమయంలో, అంటే ఒక డీఎన్‌ఏ నుంచి రెండు ఏర్పడేటప్పుడు, ఈ పోగులు విడిపోయి, ఒక్కొక్కటి తనకు జోడుగా కొత్త పోగు తయారుకావడానికి ఆధారమవుతుంది. చివరికి ఏర్పడే రెండు అణువుల్లోనూ ఒక పోగు పాతది, మరొకటి కొత్తది. వాటిలో అసలు ఏది, నకలు ఏది అనే ప్రశ్నకే తావు లేదు.

1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన నిర్మాణం ఈ పద్ధతిని సూచించగా, 1958లో మెసెల్సన్, స్టాల్ దానిని ప్రయోగపూర్వకంగా రుజువు చేశారు. బరువైన నత్రజనితో అనేక తరాలు పెంచిన ఈ.కోలై బ్యాక్టీరియాను మామూలు నత్రజనిలోకి మార్చి, ఒక తరం గడిచాక దాని డీఎన్‌ఏను సీజియం క్లోరైడ్ ద్రావణంలో అతివేగంగా తిప్పారు. అలా తిప్పితే డీఎన్‌ఏ తన బరువును బట్టి వేర్వేరు ఎత్తుల్లో పట్టీలుగా నిలుస్తుంది. జిరాక్స్ పోలికే నిజమైతే బరువైన పట్టీ ఒకటి, తేలికైన పట్టీ ఒకటి కనిపించాలి. కనిపించింది మాత్రం రెండింటికీ నడుమ నిలిచిన ఒకే ఒక్క పట్టీ.

పాత పోగు తోడుగా ఉండటం వల్ల మరో గొప్ప ప్రయోజనం ఉంది. ఈ.కోలైలో పాత పోగుపై మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు ఉంటాయి, కొత్తదానికి అవి కాస్త ఆలస్యంగా చేరతాయి. ఆ కొద్దిపాటి వ్యవధిలోనే ఎంజైములు పొరపాటు ఏ పోగులో దొర్లిందో గుర్తుపట్టి, కొత్త పోగులోని ఆ భాగాన్ని తొలగించి సరిగ్గా నింపుతాయి. జిరాక్స్ పోలికతో చెబితే ఈ దిద్దుబాటు పాఠకుడికి ఎన్నటికీ అర్థం కాదు.

ఇకమీదట ఇటువంటి వ్యాసాలతో పాటు, పాత పోగులను ఒక రంగులో, కొత్త పోగులను మరో రంగులో చూపే చిన్న బొమ్మను ప్రచురించవలసిందిగా, ఆ బొమ్మను అచ్చుకు ముందు విషయం తెలిసినవారితో ఒకసారి సరిచూపించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు