చందాల షీటులో ఎర్రర్లు: తప్పు నాదే

అందరికీ నమస్తే. మన గూగుల్ షీటులో డాలర్ చందాలను రూపాయల్లో చూపే కాలమ్ నిండా రెఫ్ (#REF!) ఎర్రర్ చూసి టెన్షన్ పడకండి, డబ్బులెక్కడికీ పోలేదు.

ఇదివరకు గూగుల్‌ఫైనాన్స్ ఫార్ములా ఏ రోజుకారోజు డాలర్ రేటు తెచ్చేది. ఎప్పుడో పంపిన 100 డాలర్లు రోజుకో విలువ చూపిస్తున్నాయని, నిన్న రాత్రి అందులో పంపిన తేదీ కూడా కలిపాను. అక్కడే దెబ్బ పడింది. తేదీ ఇస్తే అది ఒక్క అంకెతో సరిపెట్టదు. పైన ‘డేట్’, ‘క్లోజ్’ అనే హెడ్డింగులు, కింద తేదీ, రేటు, మొత్తం నాలుగు గడులు పరుస్తుంది. పక్క గడిలో అప్పటికే ఏదైనా ఉంటే చోటు చాలక రెఫ్ అంటుంది. ఆ రేటు మీద ఆధారపడ్డ రూపాయల గడీ అదే పాట.

ఇప్పుడు మొత్తాన్ని, పట్టికలోంచి కావాల్సిన గడి ఒక్కటే ఏరి ఇచ్చే ఇండెక్స్ ఫార్ములాలో పెట్టి చివర 2, 2 ఇచ్చాను. అంటే రెండో వరుస, రెండో కాలమ్. రేటు ఒక్కటే వస్తోంది.

జర్మనీలో సొంత షీటు పెట్టుకున్న అన్నయ్యా, నీ ఫార్ములాలో కామా చోట సెమీకోలన్ ఉండాలి, అక్కడ దశాంశానికి కామా వాడతారు కదా. ఫార్ములాని ఈ చాట్‌లోంచి కాపీ కొట్టకు, కొన్ని ఫోన్లు వంకర కొటేషన్లు పెట్టేస్తాయి, దాంతో ఫార్ములా పనిచేయదు. షీటులోంచే తీసుకో.

రేటు కాలమ్ దయచేసి ఎవరూ ముట్టుకోకండి.