సహజ సంరక్షకాలు: ఏ బ్యాక్టీరియా మీద పనిచేస్తాయో కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఆహారంలో వాడే సహజ సంరక్షకాల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. నైసిన్, లవంగ నూనె లాంటివి హానికర బ్యాక్టీరియా అంతటినీ చంపేస్తాయని రాశారు. అది నిజం కాదు. చాలా ఏళ్లు ఒక డెయిరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన దాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

నైసిన్‌ను 1928లోనే గుర్తించారు. పాలను పులియబెట్టే లాక్టోకాకస్ అనే బ్యాక్టీరియా దాన్ని తయారుచేస్తుంది. చీజ్ ప్యాకెట్ వెనక ఐఎన్ఎస్ 234 అని (ఆహారంలో కలిపే పదార్థాలకు ఇచ్చే అంతర్జాతీయ సంఖ్య) ఉంటే అదే. మైక్రోకాకస్ అనే బ్యాక్టీరియాను పెంచిన అగార్ ప్లేటు (జెల్లీ లాంటి పోషకం పోసిన పళ్లెం) మీద నైసిన్‌లో తడిపిన కాగితపు బిళ్ల పెట్టి ఉంచితే, మర్నాడు పసుపుపచ్చని పెరుగుదల మధ్య బిళ్ల చుట్టూ ఖాళీ వలయం తేటగా కనిపిస్తుంది. అదే బిళ్లను ఈ.కోలై ప్లేటు మీద పెట్టండి. ఈ.కోలై బిళ్ల అంచుదాకా అల్లుకుపోతుంది! నైసిన్ బ్యాక్టీరియా కణం పొరలోని లిపిడ్-2 అనే కొవ్వు పదార్థాన్ని పట్టుకుని చిల్లు పొడుస్తుంది. ఈ.కోలైకి, సాల్మొనెల్లాకు దానిపైన ఇంకో పొర ఉంటుంది. ఈడీటీఏ అనే రసాయనం లాంటిది ఆ పైపొరను వదులు చేస్తే తప్ప నైసిన్ లోపలికి పోలేదు. ఇక ఐఎన్ఎస్ 235, అంటే నాటమైసిన్, బూజుకే. బ్యాక్టీరియాను అది ఏమీ చేయదు.

ప్లేటు మీద చచ్చిందని స్టీలు బల్ల మీదా చస్తుందనుకోకూడదు. బల్లకు అంటుకున్న బ్యాక్టీరియా తన చుట్టూ జిగురు పేర్చుకుంటుంది. పైగా పాలలోని కొవ్వు కొంత నైసిన్‌ను తనే పట్టేసుకుంటుంది. మా కోల్డ్‌రూమ్ తలుపు రబ్బరు పైకి నిగనిగలాడుతూ ఉండేది. మడతలో స్వాబ్ తిప్పితే పులిసిన వాసనతో జిగట వచ్చేది. పక్కపక్కనే అంటుకున్న ఒకే జాతి కణాలు కూడా ఒకే తీరుగా చావవు. పొర చిరిగిన కణంలోకే చొరబడే ఎర్ర రంగు ఒకటుంది. అది వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే ఒక కణం ఎర్రగా వెలుగుతుంది, దాన్ని ఆనుకున్నది ఇంకా నిక్షేపంగా ఉంటుంది. మిగిలిన ఆ కొన్నే మళ్లీ పెరుగుతాయి.

బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ కింద కొట్లో పనీర్ ప్యాకెట్లు ఫ్రిజ్ బయటే పెడుతున్నారు. అడిగితే, "నేచురల్ ప్రిజర్వేటివ్ ఉంది ఆంటీ, ఏం కాదు" అన్నాడు కుర్రాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టను. మనం రాసిన రాతలే వాళ్ల దాకా పోతాయి. ఫ్రిజ్‌లో పెట్టినా నిశ్చింత లేదు, లిస్టీరియా అనే హానికర బ్యాక్టీరియా 4 డిగ్రీల చలిలోనూ పెరుగుతుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలోనీ అనే మాంసపు తినుబండారం ద్వారా అది వ్యాపించి రెండు వందల మందికి పైగా చనిపోయారు. గర్భిణులకు, పసిపిల్లలకు దానితో మరీ ప్రమాదం.

దయచేసి ఇకమీదట ఇలాంటి వ్యాసం వేస్తే ఏ పదార్థం, ఏ బ్యాక్టీరియా మీద, ద్రవంలో పరీక్షించారా బల్ల మీదా అన్నది కూడా రాయించండి. కూరలు తరిగే చెక్కను ముందు సబ్బుతో గట్టిగా తోమి జిడ్డు వదిలించాలని, ఆ తర్వాతే సలసల కాగే నీళ్లో, మరొకటో పోయాలని పక్కనే ఒక పెట్టె కట్టి వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రామమూర్తి నగర్, బెంగళూరు