పాచిని నాచుతోనే గెలవాలి

సంపాదకులు గారికి నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం పట్నాల్లో ఉప్పునీటి అక్వేరియం ఇప్పుడు వింత వస్తువేమీ కాదు. క్లౌన్ చేపలు, మెత్తని పగడాలు, పైన నీలి లైటు. పెట్టుకున్నవాళ్లకు రెండో నెలకో మూడో నెలకో ఎదురయ్యే కష్టం కూడా ఒకటే: రాళ్ల మీద ఆకుపచ్చ పాచి, ఇసుక మీద గోధుమరంగు తెట్టు. సీసా మందు పోస్తే పాచి చస్తుంది. చచ్చిన పాచి కుళ్లి మళ్లీ ఎరువవుతుంది, నెల తిరక్కుండా మరింత ఒత్తుగా లేస్తుంది. ఈ తిరుగుడు ఆగాలంటే పెద్ద తొట్టి కింద చిన్న తొట్టి ఒకటి కలిపి, అందులో సముద్రపు నాచు పెంచాలి. దీన్నే రెఫ్యూజియం అంటారు. కొత్త చేపకు పెట్టే డబ్బు ముందు దీనికి పెట్టమని పాఠకులను కోరుతూ ఈ వివరం రాస్తున్నాం.

మేతలో ఉండే నత్రజని, భాస్వరం తొట్టి దాటి ఎక్కడికీ పోవు. అమ్మోనియాను బాక్టీరియా నైట్రైట్ చేస్తుంది, నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, అక్కడితో దాని పని సరి. రొయ్యల చెరువులున్న జిల్లాలవాళ్లకు ఇది తెలియని సంగతి కాదు. మిగిలిపోయిన నైట్రేట్, ఫాస్ఫేట్ తినే పాచి బతుకుతుంది. నాచు తిండీ అదే. వేరే తొట్టిలో మంచి వెలుగులో నాచు బలంగా ఎదిగితే పై తొట్టిలో పాచికి తిండి కరువవుతుంది. ఎదిగిన నాచును కోసి తీసినప్పుడు ఆ ఎరువు నీళ్లలోంచి బయటపడుతుంది. చూడ్డానికి బాగుందని కోయకుండా వదిలేస్తే ఫలితం సున్నా. అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థలో శాస్త్రవేత్త వాల్టర్ ఏడీ పగడపు దిబ్బ నమూనా తొట్టిని నాచుతోనే శుభ్రంగా నడిపి చూపి నలభై ఏళ్లు దాటింది.

కొలతల లెక్క ఒకటి ఇస్తాం. పై తొట్టి 120 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు అనుకోండి. రాళ్లు, పైన ఖాళీ పోగా 200 లీటర్ల నీరు పడుతుంది. కింద తొట్టి 90 పొడవు, 40 వెడల్పు, 40 ఎత్తు, 8 మి.మీ. గాజుతో కట్టించండి. అడ్డుపలకలతో మూడు అరలు చేయాలి. పైనుంచి నీరు దిగే అర 25 సెం.మీ., నురగతో మురికిని లాగే స్కిమ్మర్ అందులోనే. నాచు అర 45. నీటిని తిరిగి పైకెక్కించే పంపు అర 20. నాచు అరలో నీరు 25 సెం.మీ. లోతుంటే 45 లీటర్లు అవుతుంది. పై తొట్టి నీటిలో పదో వంతుకు తగ్గిన నాచు అర ఉన్నా లేనట్టే. నాచు అరకూ పంపు అరకూ మధ్య స్పాంజి, వడపోత సంచి పెట్టొద్దు. నాచులో పుట్టే కోపెపాడ్లు, నలుసంత ఉండే ఆ రొయ్యజాతి జీవులు, పైకి వెళ్లి చేపలకు, పగడాలకు మేత కావాలి. స్పాంజి ఉంటే అక్కడే చిక్కుకుని చస్తాయి.

పంపు పెట్టె మీది అంకె నమ్మొద్దు, మీటరున్నర ఎక్కేసరికి నీరు బాగా తగ్గిపోతుంది. పైపు చివర 10 లీటర్ల బకెట్ పట్టి గడియారం చూడండి. 36 నుంచి 45 సెకన్లలో నిండితే గంటకు 800 నుంచి 1000 లీటర్లు, ఈ తొట్టికి అది చాలు. నాచు అరలో నీరు మెల్లగా పోవాలని పాత సలహా ఒకటుంది. మా అనుభవం దానికి ఒప్పుకోదు. కదలని నాచు ఉండ మీద మడ్డి పేరుకుంటుంది, అడుగున వెలుగు తగలక కుళ్లుతుంది. ఉండ నెమ్మదిగా దొర్లుతూ ఉండాలి. పైపులకు యూపీవీసీయే వాడండి. ఇత్తడి వాల్వు ఒక్కటి కూడా తగలకూడదు, రాగి చిక్కితే వెన్నెముక లేని జీవులు బతకవు. అందుకే చేపకు జబ్బు చేస్తే మైలుతుత్తం మందు ఈ తొట్లలో వేయనే వేయొద్దు, చేపను విడి గోలెంలోకి మార్చి అక్కడే వైద్యం చేయాలి.

ఇక కరెంటు పోయే సంగతి. ఇల్లు తడిసేది ఇక్కడే. పంపు ఆగగానే పైకెక్కించే పైపు వెనక్కి పీలుస్తుంది. పై తొట్టిలో నీరు సెంటీమీటరు తగ్గితే 5.4 లీటర్లు కిందికి దిగినట్టు. పైపు మూతి 5 సెం.మీ. మునిగి ఉంటే 27 లీటర్లు. కింద తొట్టి సెంటీమీటరుకు 3.6 లీటర్లే పట్టగలదు కనుక మట్టం ఏడున్నర సెం.మీ. లేస్తుంది. 15 సెం.మీ. ఖాళీ వదిలాం, సరిపోతుంది. అదే మూతి 15 సెం.మీ. ముంచితే 81 లీటర్లు వస్తాయి, కింద పట్టదు. నీటిమట్టానికి కాస్త కింద పైపుకు 5 మి.మీ. బెజ్జం వేస్తే గాలి పీల్చి ఆగుతుంది. కాని ఆ బెజ్జం పాచితో పూడుకుపోతుంది, వారం వారం పుల్లతో పొడవాలి. తిరుగు నీటిని ఆపే వాల్వులో చిన్న నత్త ఇరుక్కున్నా చాలు, అది పనిచేయదు. కాబట్టి ఖాళీనే నమ్ముకోండి. తొట్టి నింపిన రోజే నాలుగైదు సార్లు స్విచ్ ఆపి మట్టం ఎంతవరకు లేస్తుందో గీత గీసుకోండి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను దాటాక ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు బ్యాటరీతో నడిచే గాలి పంపు పైన ఒకటి, కింద ఒకటి ఉండాలి. చీకట్లో నాచు కూడా ప్రాణవాయువు పీల్చుకునేదే. మొదటి రోజే సగం నాచు తీసి, తొట్టి నీళ్లతో బకెట్‌లో వేసి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టాలి.

నాచులో మా ఓటు కీటోమార్ఫాకే. చిక్కుపడ్డ వలదారంలా ఉంటుంది, వేళ్లుండవు, విడిగా దొర్లుతుంది, పట్టి కోయడం తేలిక. గుప్పెడు వేస్తే చాలు. రెండో ఎంపిక ఎర్రగా ఉండే గ్రాసిలేరియా. విశాఖ రాళ్ల మీద ఊరికే దొరుకుతుంది కదా అని కలెర్పా తేవద్దు. అది ఆకలైనా, వెలుగు మారినా, ఒక్కోసారి ఏ కారణమూ కనిపించకుండానే రాత్రికి రాత్రి ఒంట్లో సారమంతా నీళ్లలోకి వదిలేసి, తెల్లని గాజుతొడుగులా మిగులుతుంది. తొట్టి పాలు కలిపినట్టవుతుంది, చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. తెచ్చిన నాచు ఏదైనా రెండు వారాలు విడి బకెట్‌లో ఉంచి, అందులో పీతపిల్లలు, ఎయిప్టేసియా అనే, తొట్టినిండా పాకే పీడ జీవి మొగ్గలు ఉన్నాయేమో చూశాకే లోపలికి.

లైటు 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ, 20 నుంచి 30 వాట్లు, నీటికి 20 సెం.మీ. ఎత్తున. పై తొట్టి లైటు ఆరినప్పుడు వెలిగేలా టైమర్ పెట్టి రాత్రి పది, పన్నెండు గంటలు ఉంచండి. రాత్రిపూట పై తొట్టిలో అన్నీ బొగ్గుపులుసు వాయువు వదలడంతో పీహెచ్ పడిపోతుంది. కింద నాచు దాన్ని పీల్చుకుంటే ఆ పడడం తగ్గుతుంది. వెలుగు పంపు అరలో పడకుండా అడ్డుపలకకు నల్ల కాగితం అంటించండి. ఉప్పునీళ్ల పక్కన కరెంటు కనుక కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేకుండా ఒక్క ప్లగ్గూ పెట్టొద్దు. తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి తర్వాత పైకెక్కాలి. అప్పుడు తీగ వెంట జారిన చుక్క నేల మీద పడుతుంది, ప్లగ్గులోకి పోదు.

నాచు వేసేది అమ్మోనియా సున్నాకు దిగి నైట్రేట్ కనిపించాక. నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం (పది లక్షల్లో వంతులు), ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య ఉండాలి. రెండూ సున్నా చేసి మురిసిపోవద్దు. నాచు పాలిపోయి కరుగుతుంది, పగడాలు రంగు వదులుతాయి. నైట్రేట్ ఉన్నా నాచు ఎదగకపోతే ఇనుము చాలలేదేమో, వెలుగు చాలలేదేమో చూడాలి. అర మూడింట రెండు వంతులు నిండగానే మూడో వంతు కోయండి. కోసింది తొట్టి నీళ్ల బకెట్‌లో జాడిస్తే కోపెపాడ్లు రాలుతాయి, ఆ నీళ్లు తిరిగి పోయండి.

ఆవిరైన నీటికి బదులు మంచినీరే పోయాలి, ఉప్పునీరు కాదు. ఇంటి ఆర్‌ఓ యంత్రాల్లో చాలావాటికి రుచి కోసం మామూలు నీరు కలిపే మర, ఖనిజాల గొట్టం ఉంటాయి. అవి మూసి, నీటిలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరులో 5 లోపు చూపిన నీరే వాడండి. సముద్రపు నీరు తెచ్చుకునేవాళ్లు కళింగపట్నం వంటి నదీముఖాల దగ్గర పట్టొద్దు. వానలకు ఉప్పు శాతం పడిపోతుంది, 35 పీపీటీ (వెయ్యిలో 35 వంతులు) ఉందో లేదో రిఫ్రాక్టోమీటరుతో చూడాలి. మన తీరపు ఇసుకా పనికిరాదు. అందులోని నల్ల ఖనిజ రేణువులు గాజు తుడిచే అయస్కాంతానికి అంటుకుని అద్దం గీస్తాయి. నాచు అరకు అసలు ఇసుకే అక్కర్లేదు, అడుగు ఖాళీగా ఉంటే మడ్డి తీయడం సులువు.

రాళ్ల సంగతి గట్టిగా చెప్పాలి. 'లైవ్ రాక్' పేరుతో, అంటే బాక్టీరియా పట్టిన సముద్రపు రాళ్లని చెప్పి, అమ్మేవాటిలో పగడపు ముక్కలుంటాయి. దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. చచ్చిన పగడానికీ అదే రక్షణ. సముద్రపు గుర్రాలదీ ఇదే దారి. సిరామిక్ రాళ్లు కొనండి. బాక్టీరియా పట్టడానికి కొన్ని వారాలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

కోసిన నాచును కాలవలో, గెడ్డలో, సముద్రంలో వేయకండి. అక్వేరియంలలో పెంచే కలెర్పా టాక్సిఫోలియా 2000లో కాలిఫోర్నియా మడుగుల్లో బయటపడింది, పూర్తిగా తొలగించడానికి 2006 దాకా పట్టింది. మంచినీళ్లలో రెండుసార్లు కడిగి, డాబా మీద కరకరలాడేదాకా ఎండబెట్టి, ఎరువు గోతిలో వేస్తే సరి.

ఇట్లు
ఉప్పునీటి తొట్లు నడిపే కొందరం,
శ్రీకాకుళం, విజయనగరం