పావురాల మేతపై కట్టడి సరే, పెరటి పిట్టల నీళ్లు తీయవద్దు

సంపాదకుడి గారికి,

నమస్కారం. ముంబైలో 2025లో కబూతర్‌ఖానాలను, అంటే పావురాలకు గింజలు వేసే బహిరంగ స్థలాలను, మూసివేయించిన నాటి నుంచి పావురాలకు బహిరంగ ప్రదేశాల్లో గింజలు వేయడం గురించి మన హైదరాబాద్ కాలనీల్లోనూ చర్చ నడుస్తోంది. కూడళ్లలో బస్తాలు గుమ్మరించే పద్ధతి ఆగాలన్న వారితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే అదే మాట పట్టుకుని మా వీధిలోని ఒక అపార్ట్‌మెంటు సంఘం, మండుటెండల్లో బాల్కనీల మీద పిట్టల కోసం పెట్టిన నీటి మూకుళ్లను కూడా తీసేయాలని నోటీసు అంటించింది. ఈ రెండూ ఒకటి కావని మనవి చేయడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పావురం బతుకు తీరు మిగతా పెరటి పిట్టల తీరు కాదు. అది తన కూనలకు పురుగులు ఏరి తేదు. తాను గింజలు తిని, గొంతు దగ్గరి సంచిలో ఊరే పాలవంటి పదార్థాన్ని వాటి నోట్లో పోస్తుంది. కనుక గింజలకు లోటు లేని చోట అది ఏడాది పొడవునా గుడ్లు పెట్టి పిల్లల్ని లేపగలదు. కొండచరియల సందుల్లో గూడు పెట్టే జాతికి మన భవనాల వెంటిలేటర్లు, ఏసీ యంత్రాల వెనక ఖాళీలు చక్కగా సరిపోతాయి. మక్కా మసీదు ముంగిట, మొజంజాహీ మార్కెట్ దగ్గర భక్తితో, ప్రేమతో గింజలు చల్లేవారిని నొప్పించడం నా ఉద్దేశం కాదు. కానీ ఎండిన రెట్ట పొడి ఏళ్ల తరబడి పీల్చిన వారిలో కొందరికి ఊపిరితిత్తులు గట్టిపడతాయని వైద్యులు చెప్పేది వట్టి భయపెట్టడం కాదు. మా అక్కయ్య పదేళ్లకు పైగా వంటింటి కిటికీ అంచున పావురాలకు జొన్నలు పోసింది. ఇవాళ ఒక అంతస్తు మెట్లెక్కడానికి రెండుసార్లు ఆగుతోంది.

ఇక పిచ్చుక, పికిలిపిట్ట, కుట్టుపిట్ట, తేనెపిట్టల సంగతి వేరు. పెద్దవయ్యాక గింజ తిన్నా, పండు తిన్నా, తేనె తాగినా, గూట్లోని పిల్లలకు మాత్రం ఇవి ప్రధానంగా పురుగులే పెడతాయి. మా ఇంట్లో కరెంటు మీటరు పైన కట్టిన పాత కుండలో ఒక పిచ్చుకల జంట కాపురం ఉంటోంది. ఒకనాటి ఉదయం గంటసేపు కదలకుండా కూర్చుని చూశాను. పళ్లెంలో నేను పోసిన కొర్రలను అవి తామే తిన్నాయి తప్ప ఒక్క గింజ కూడా కుండలోకి తీసుకువెళ్లలేదు. బీరపాదు మీదికి ఎగిరి, ఆకు అడుగున పచ్చపురుగును ముక్కుతో లాగి, దాన్ని గోడ అంచుకు రెండు మూడుసార్లు కొట్టి, అప్పుడు లోపలికి దూరాయి. ఇరవైసార్లకు పైగా అదే పని. అంతకు ముందు సంవత్సరం కాపు పోతుందని ఆ పాదుకే నేను పురుగుమందు కొట్టించాను. ఆ ఏడు ఆ కుండలోంచి ఒక్క పిల్ల కూడా ఎగరలేదు. కారణం అదేనని నేను రుజువు చేయలేను గాని, ఆ తరువాత మా పెరట్లోకి మందు డబ్బా రానివ్వలేదు. ఏటా మార్చి 20న పిచ్చుకల దినోత్సవం పేరిట చెక్కగూళ్లు పంచేవారు ఈ సంగతి కూడా నాలుగు మాటలు చెబితే బాగుంటుంది.

మన పెద్దలు కోతలయ్యాక వరి కంకులను కుచ్చులుగా అల్లి వసారాలోనో గుడి మండపంలోనో వేలాడదీసేవారు. పిచ్చుక దానికి వేలాడుతూ ఒక్కొక్క గింజ ఒలుచుకోవాల్సిందే కనుక నేల మీద గుట్ట పడదు, గింజ తడిసి బూజు పట్టదు. నేటికీ పెరట్లో మేత పెట్టదలచిన వారికి ఆ కుచ్చు, లేదా పూటలో అయిపోయేటంత గుప్పెడు నూకలో కొర్రలో చాలు. ఉప్పు వేసిన అన్నం, రొట్టె ముక్కలు, మిక్చరు పెట్టకూడదు. పళ్లెం కడగకుండా మీద మీద గింజలు పోస్తే జబ్బు పడిన ఒక పిట్ట నుంచి మిగతావాటికి అంటుకుంటుంది.

మే నెల ఎండల్లో మేత కన్నా ముఖ్యం నీళ్లు. పిట్టకు చెమట పట్టదు. ఒంటిని చల్లబరుచుకోవడానికి అది ప్రధానంగా నోరు తెరిచి ఎగరొప్పుతుంది, అలా ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. మూకుళ్ల వల్ల డెంగీ దోమలు పెరుగుతాయన్న సంఘం వారి అభ్యంతరంలో న్యాయం ఉంది, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఆ దోమ గుడ్డు నుంచి బయటికి ఎగరడానికి సుమారు వారం నుంచి పది రోజులు పడుతుంది. రోజూ నీళ్లు పారబోసి మార్చేవారి మూకుట్లో అది ఎదగలేదు. గుడ్లు పాత్ర అంచుకు అంటుకుని, ఎండినా చాలాకాలం బతికి ఉంటాయి కనుక కొబ్బరి పీచుతో తోమడం మాత్రం తప్పనిసరి. రెండంగుళాలకు మించని లోతు, కాలు మోపడానికి మధ్యలో ఒక రాయి, పిల్లి దూకి పట్టలేనంత ఎత్తు ఉంటే సరిపోతుంది.

నగరపాలక సంస్థకు నా విన్నపం ఇది. కూడళ్లలో, ఫుట్‌పాత్‌ల మీద గింజల అమ్మకాన్నీ, గుమ్మరింపునూ ఆపండి; ఆ ఉత్తర్వులోనే ఇళ్లలో రోజూ మార్చే నీటి పాత్రలకు, కొద్దిపాటి మేతకు అడ్డు లేదని స్పష్టంగా రాయండి. నర్సరీల నుంచి ఇంటింటికీ ఇచ్చే మొక్కల్లో అందానికి పెంచేవి తగ్గించి కరివేపాకు, జామ, మందారం, స్థలం ఉన్నవారికి విరిగి, మేడి, నేరేడు ఇవ్వండి. మా కరివేప చెట్టుకు నల్లని పండ్లు పండిన రోజుల్లో కోయిల ఆడపక్షి కూడా దిగివస్తుంది; నేను ఏ పళ్లెంలో ఏం పెట్టినా రాని పక్షి అది.

నోటీసు అంటించిన సంఘం కార్యదర్శి గారిని కలిసి ఇవన్నీ చెప్పాను. ఓపికగా విన్నారు. నగరపాలక సంస్థ నుంచి రాతపూర్వకంగా ఒక మాట వస్తే నోటీసు మార్చడానికి తమకు అభ్యంతరం లేదన్నారు. ఎండలు తగ్గకముందే ఆ మాట రావాలని అధికారులను కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
మల్కాజిగిరి