అసిస్టెంట్ కోచ్ అంటే నీళ్ల బాటిళ్లు మోసేటోడు కాదు సార్

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్నామధ్య మీ స్పోర్ట్స్ పేజీల అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌ల జీతాల గురించి రాసిన్రు, కోట్లకు కోట్లు ఇస్తరని, ఓడిపోతే ఇంటికి పంపి మళ్ల కోట్లు ఇస్తరని. బాగనే ఉంది. కానీ అర పేజీ వార్తల అసిస్టెంట్ కోచ్ అన్న మాట ఒక్కసారన్న రాలేదు, అందుకే ఈ ఉత్తరం. నేనేం ఆటగాణ్ణి కాదు, సింగరేణిల పనిచేసి రిటైరైనోణ్ణి. ఫుట్‌బాల్ అంటే నాకు తెలిసింది కాలితోని తన్నేది, మన హైదరాబాద్ రహీం సాబ్ కోచ్‌గ ఉన్నప్పుడు 1962ల జకార్తాల గోల్డ్ కొట్టిన ఆట. అమెరికోళ్లది వేరే, కోడిగుడ్డు ఆకారం బంతిని సంకల పెట్టుకొని ఉరుకుడు, ఎదురోళ్లు మీదపడి ఆపుడు.

మా చిన్నోడు వర్జీనియాల బ్లాక్స్‌బర్గ్ అనే ఊళ్లె, వర్జీనియా టెక్‌ల ఎమ్మెస్ చేసిండు. 2019 నవంబర్ల నేను, మా ఆమె పోయినప్పుడు పిట్స్‌బర్గ్ టీమ్‌తోని వాళ్ల కాలేజీ మ్యాచ్ ఉంటే తీస్కపోయిండు. వణుకుడు చలి, రూల్స్ ఒక్కటి అర్థం కాలే, గంట సేపు మంకీ క్యాపుల మొఖం దాచుకొని కూసున్న. జనం మాత్రం ఒకాయన పేరు పట్టుకొని తెగ అరుస్తున్నరు, హీరోనా ఏంది అంటే మావోడు, కాదు బాపూ, అసిస్టెంట్ కోచ్, ఇయ్యాల ఇక్కడ ఆయన ఆఖరి మ్యాచ్ అన్నడు. అసిస్టెంట్ కోసం ఇంతమందా అని నేను నోరెళ్లబెట్టిన. ఆ రోజు ఆయన టీమ్ ఎదురోళ్లకు ఒక్క పాయింట్ కూడా ఇయ్యలే, 28-0.

ఆయన పేరు బడ్ ఫోస్టర్. కెంటకీల పుట్టి, ముర్రే స్టేట్ అనే చిన్న యూనివర్సిటీల ఆడిండు, 1981ల అక్కడనే చిన్న కోచ్‌గ చేరిండు, హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్. 1987ల బీమర్ వర్జీనియా టెక్‌కు పోతుంటే ఈయన్ను కూడ ఎంట తీస్కపోయిండు. అంతే, 33 సీజన్లు అదే ఊరు, అదే గ్రౌండు. 1995 నుంచి డిఫెన్స్ కోఆర్డినేటర్, అంటే ఎదురోళ్లను ఆపే లెక్కంత చూసేటోడు.

ఈ పని ఎట్లుంటదో మావోడు చెప్తే నాకు మా బొగ్గుబాయి పనే యాదికొచ్చింది. శనివారం మ్యాచ్, ఆదివారం పొద్దుగాల నుంచే వీడియోలు ముందట పెట్టుకొని ఎవడు ఎక్కడ కాలు తప్పిండో చూసుడు, సోమవారం నుంచి పిల్లలతోని ప్రాక్టీసు, మధ్యల ఎక్కడో హైస్కూల్లల్ల మంచి పిల్లగాడు ఉన్నడంటే ఆళ్ల ఇంటికి పోయి తల్లిదండ్రులను ఒప్పించుడు. ఇంత చేసినా హెడ్ కోచ్‌ను తీసేసిన్రంటే ఎక్కువసార్లు అసిస్టెంట్లు కూడ సామాన్లు సర్దుకోవాల్సిందే, ఇల్లు మారాలె, పిల్లల బడి మారాలె. 1992ల వర్జీనియా టెక్ 11 మ్యాచ్‌లల్ల 2 గెలిచి 8 ఓడి ఒకటి టై చేసుకున్నది. బీమర్ కుర్చీకే ఎసరొచ్చింది, కొంతమంది అసిస్టెంట్లను మార్చుకోవాల్సొచ్చింది. ఫోస్టర్ మిగిలిండు. మూడేళ్లకు అదే టీమ్ షుగర్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌ల టెక్సాస్‌ను 28-10తోని కొట్టింది.

ఇగ నన్ను పట్టుకున్న సంగతి డబ్బా. 1995ల డిఫెన్స్ కోఆర్డినేటర్లు ఇద్దరుండిరి, ఫోస్టర్, రాడ్ షార్ప్‌లెస్. న్యూజెర్సీల ఒక బొగ్గు గని కార్మికుని పాత అన్నం డబ్బా షార్ప్‌లెస్ అత్తగారి ద్వారా వాళ్ల చేతికొచ్చింది. డిఫెన్స్ వాళ్లు ఆ సీజన్‌ల ఏం సాధించాలనుకున్నరో కాయితం మీద రాసి అండ్లనే పెట్టేటోళ్లు, ఆ వారం బాగ ఆడినోని చేతికి ఆ డబ్బా ఇచ్చేటోళ్లు. 2007 ఏప్రిల్ 16న ఆ క్యాంపస్‌లనే కాల్పులు జరిగి 32 మంది సచ్చిపోయిన్రు గదా, మన దేశం నుంచి పోయిన ప్రొఫెసర్ లోగనాథన్ గారు కూడ అండ్లనే పోయిన్రు, ఆ యేడు ఆ 32 మంది పేర్లు డబ్బాల పెట్టుకొని ఆడిన్రట.

మావోడు ఫోన్‌ల ఆ డబ్బా ఫోటో పెద్దగ చేసి చూపెట్టిండు. సొట్టలు పడి, రంగు లేసిపోయి. మా బాపు మూడు గిన్నెల క్యారేజీ గుర్తొచ్చింది నాకు, కింది గిన్నెల అన్నం, మీద పప్పు, అన్నిటికన్న మీద మామిడికాయ తొక్కు. ఫస్ట్ షిఫ్ట్‌కు నాలుగింటికే లేసి పోయేటోడు, తిరిగొచ్చినంక మా అమ్మ ఎంత తోమినా ఆ పిడికి అంటిన నలుపు పోకపోతుండె.

ఆయన పనితనం తెల్వాలంటే 2014 సెప్టెంబర్ 6 చాలు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ గ్రౌండు, లక్ష దాటిన జనం. మిగిలిన టీమ్‌లు ఆడనట్టు ఫోస్టర్ తన పిల్లలను ముందల గోడ లెక్క నిలబెట్టిండు, అవతల బంతి ఇసిరే కుర్రోడు జె.టి. బారెట్‌ను 7 సార్లు కింద పడేసిన్రు, 3 సార్లు బంతి గుంజుకున్నరు, 35-21తోని గెలిచిన్రు. ఆ యేడు ఒహాయో స్టేట్ ఓడింది ఆ ఒక్క మ్యాచే, చివరికి దేశం మొత్తంల చాంపియన్ వాళ్లే. గెలిచిన ఈళ్లేమో ఆ సీజన్‌ల 13ల 6 ఓడిన్రు, అది వేరే ముచ్చట.

2006ల దేశంల బెస్ట్ అసిస్టెంట్ అని బ్రాయిల్స్ అవార్డు ఇచ్చిన్రు. 2015ల బీమర్ రిటైరైతే హెడ్ కోచ్ పదవి మాత్రం ఈయనకు రాలే, మెంఫిస్ నుంచి జస్టిన్ ఫుయెంటేను తెచ్చిన్రు. నాకైతే కోపమొచ్చింది ఇది విన్నప్పుడు. వేరేటోడైతే అలిగి పోతుండె, ఈయన తనకన్న చిన్నోని కింద ఇంకో నాలుగు సీజన్లు పనిచేసిండు.

చివరి యేడు కూడ సినిమాల లెక్క ఏం లేదు. సెప్టెంబర్ల సొంత గ్రౌండుల డ్యూక్ యూనివర్సిటీ చేతిల 45-10తోని తన్నులు తిన్నరు. మేము చూసిన మ్యాచ్ అయినంక వారానికే అదే రాష్ట్రంల ఉన్న వర్జీనియా యూనివర్సిటీ చేతిల, 15 యేండ్ల సంది ఓడనోళ్లు, ఓడిన్రు. ఆఖరి మ్యాచ్ డిసెంబర్ 31న, ఆయన పుట్టిన కెంటకీ టీమ్‌తోనే, ఆఖరి నిమిషంల పాయింట్లు ఇచ్చి 37-30తోని ఓటమి.

ఇదంత ఎందుకు రాస్తున్ననంటే, పోయినేడు మా దిక్కు ఒక బడి పిల్లలు జిల్లా కబడ్డీ గెలిచిన్రు. పేపర్లల్ల ఫోటో వచ్చింది, కోచ్ ఉన్నడు, హెడ్‌మాస్టర్ ఉన్నడు, శాలువా కప్పిన నాయకుడు ఉన్నడు. పిల్లలకు కాలు ఎట్ల పట్టాలె, చెయిన్ ఎట్ల కట్టాలె అని నేర్పిన అసిస్టెంటేమో అంచుకు ఉంటే సగం భుజం కాడ కట్ చేసిన్రు, కింద పేరు లేదు. అది మీ పేపరేనని అంటలేను, కానీ మీరు కూడ జర చూడున్రి. ఇగ ముందు ఫోటో వేసేటప్పుడు ఆ అంచుకు నిలబడ్డోని పేరు అడిగి రాయున్రి. ఆ కబడ్డీ పిల్లల పూర్తి ఫోటో నా కాడ ఉన్నది, కావాలంటే పంపుత.

ఇట్లు
మీ పాత పాఠకుడు, గోదావరిఖని